కాళ్లు ముట్టని కుస్తీ: స్టీవ్ ఫ్రేజర్ స్వర్ణం, ఆ తర్వాత పంతొమ్మిదేళ్ల కోచింగ్

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, గ్రీకో-రోమన్ కుస్తీ 90 కిలోల ఫైనల్. అమెరికాకు చెందిన స్టీవ్ ఫ్రేజర్, రొమేనియాకు చెందిన ఇలియె మాతెయ్ చెరో పాయింటుతో సమానంగా నిలిచారు. ఆఖరి పాయింటు తెచ్చుకున్నది ఫ్రేజర్ కాబట్టి బంగారు పతకం ఆయనకు వెళ్లింది. ఈ శైలిలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి అమెరికన్ ఆయనే. 1995లో అదే దేశపు గ్రీకో జట్టుకు జాతీయ కోచ్ అయ్యారు, 2014 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు.

ఆ పంతొమ్మిదేళ్లలో ఆయన శిష్యులు పదమూడేళ్లు ఓటమి ఎరగని రష్యా మల్లుడు అలెగ్జాండర్ కెరెలిన్‌ను ఓడించారు, ప్రపంచ జట్టు టైటిల్ తెచ్చారు. చివరి ఒలింపిక్స్‌లో ఒక్క పతకమూ తేలేదు. కోచ్ ఒక్కరే, పద్ధతీ ఒక్కటే. ఫలితాలు ఇంత ఎగుడుదిగుడుగా ఎందుకున్నాయి? ఎక్కువ భాగం జవాబు రూల్ పుస్తకంలో ఉంది. ఒక విజేత తన బలాన్ని శిష్యులకు అందించగలడు, కానీ ఆ బలానికి పాయింట్లు పడతాయా లేదా అన్నది రూల్ తేలుస్తుంది. ఫ్రేజర్ ప్రస్థానాన్ని ఈ కోణంలో చూడకపోతే అది పతకాల జాబితాగానే మిగిలిపోతుంది.

ముందు శైలి సంగతి. గ్రీకో-రోమన్‌లో ప్రత్యర్థిని నడుము కింద పట్టుకోకూడదు. కాలు లాగకూడదు, కాలు అడ్డం పెట్టి పడేయకూడదు, పడిపోకుండా ఉండటానికి అతని కాలికి కాలు మెలేయకూడదు. ఇక మిగిలేవి చేతులు, మెడ, రొమ్ము, తుంటి. ఫ్రీస్టైల్‌లో ఈ అడ్డు లేదు. మన తాలీంఖానాల్లో ఉస్తాదులు నేర్పే మట్టి కుస్తీలోనూ కాళ్ల పట్లు ఉంటాయి. 1952లో ఖాశాబా జాదవ్ కాంస్యం మొదలు 2024లో అమన్ సెహ్రావత్ కాంస్యం దాకా భారత్‌కు ఒలింపిక్ కుస్తీలో వచ్చిన పతకాలన్నీ ఫ్రీస్టైల్‌వే.

అమెరికా పరిస్థితీ దీనికి దగ్గరగానే ఉంటుంది. అక్కడ స్కూళ్లలో, కాలేజీల్లో నడిచేది ఫోక్‌స్టైల్. కాళ్ల మీద దాడి చేసి కింద పడేయడం, పడ్డవాడిని లేవనీయకుండా అదిమి పెట్టడం దాని ప్రాణం. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు స్కూలు జట్టులో చేరినా నేర్చుకునేది అదే. పదేళ్లు ఫోక్‌స్టైల్ ఆడి ఇరవై రెండేళ్లకు గ్రీకోకి వచ్చే కుర్రాడిలో మూడు అలవాట్లు పాతుకుపోయి ఉంటాయి: నడుము బాగా వంచి కిందికి నిలబడటం, తల ముందుకు పెట్టడం, కంగారు పుట్టగానే చెయ్యి మోకాళ్ల వైపు పోవడం. గ్రీకోలో మొదటి రెండూ మెడను ప్రత్యర్థికి అప్పగిస్తాయి. వంగిన తలను కిందికి గుంజి ఫ్రంట్ హెడ్‌లాక్ (ముందు నుంచి తల, చెయ్యి కలిపి పట్టే పట్టు) బిగించడం, అక్కడి నుంచి అతని వెనక్కి చేరడం రెండు సెకన్ల పని. మూడోది తప్పుగా లెక్కకొస్తుంది. సోవియట్ యూనియన్, బల్గేరియా, హంగరీ, స్వీడన్ లాంటి దేశాల్లో పిల్లలు చిన్నప్పటి నుంచీ ఈ శైలిలోనే పెరుగుతారు. వాళ్లు లెక్కలేనన్నిసార్లు చేసిన ఎత్తివేతలను పాతికేళ్లకు మొదలుపెట్టి అందుకోవడం అయ్యే పని కాదు.

ఫ్రేజర్ ఈ లోటుతోనే మొదలుపెట్టారు. హేజెల్ పార్క్ హైస్కూల్, ఆ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయం, అక్కడ రెండుసార్లు ఆల్-అమెరికన్ (జాతీయ కాలేజీ పోటీల్లో ముందు వరసలో నిలిచినవాళ్లకు దక్కే) గుర్తింపు. అన్నీ ఫోక్‌స్టైల్‌లో వచ్చినవే. వాష్టెనా కౌంటీలో డిప్యూటీ షెరిఫ్‌గా ఉద్యోగం చేస్తూ గ్రీకో సాధన చేశారు. 1983 పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం వచ్చింది. విసురుల్లో ఐరోపా వాళ్లకు సాటి రాననుకున్న ఆయన పోటీని వేరే చోటికి మార్చారు. బౌట్ మొదలైన క్షణం నుంచి రొమ్ముకు రొమ్ము ఆనించి, చేతుల పోరు ఆపకుండా, ప్రత్యర్థిని వెనక్కి నెడుతూనే ఉండటం. ఊపిరి అందనివాడు ఎంత అందమైన విసురు తెలిసినవాడైనా దాన్ని వెయ్యలేడు. లాస్ ఏంజెలెస్‌లో స్వీడన్‌కు చెందిన ఫ్రాంక్ ఆండర్సన్‌ను 4-1తో ఓడించింది ఈ దారిలోనే. ఆండర్సన్ అప్పటికి మూడుసార్లు ప్రపంచ విజేత: 1977, 1979, 1982.

ఆ ఒలింపిక్స్‌ను రొమేనియా మినహా సోవియట్ కూటమి బహిష్కరించింది. గ్రీకోలో ఆ కూటమి ఎంత బలమైనదో తెలిసినవాళ్లు ఈ పతకం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని దాటవేయకూడదు. అదే క్రీడల్లో జెఫ్ బ్లాట్నిక్ సూపర్ హెవీవెయిట్ స్వర్ణం, గ్రెగ్ గిబ్సన్ రజతం, జిమ్ మార్టినెజ్ కాంస్యం తేవడంలోనూ ఆ ఖాళీకి వాటా ఉంది. కానీ ఆండర్సన్ మీద గెలుపునకు ఆ తగ్గింపు వర్తించదు. మరుసటి ఏడాది అదే 90 కిలోల్లో మైక్ హౌక్ అమెరికాకు తొలి గ్రీకో ప్రపంచ టైటిల్ తెచ్చాడు.

ఇంతకీ ఈ ఒత్తిడి చేతుల్లో ఎలా కనిపిస్తుంది? అంతా అండర్‌హుక్ చుట్టూ తిరుగుతుంది. ప్రత్యర్థి చంక కింద నుంచి మన చెయ్యి పోనిచ్చి అరచేతిని అతని భుజపుటెముక మీద ఆనించాలి. మోచెయ్యి మన పక్కటెముకలకు అతుక్కుని ఉండాలి. నుదురు అతని దవడ కిందో, కణత పక్కనో నొక్కి ఉండాలి. తుంటి ముందుకు రావాలి, అండర్‌హుక్ ఉన్న వైపు కాలు అరడుగు ముందుండాలి. అప్పుడు భుజాన్ని పైకి లేపితే ప్రత్యర్థి మడమలు తేలిపోతాయి, బరువు నిలవదు. అతను ఊరుకోడు, తన చేతిని లోపలికి దూర్చుకుంటాడు. మనం మళ్లీ దూర్చాలి. ఈ లోపలి చోటు కోసం ఆగకుండా సాగే పెనుగులాటే పమ్మెలింగ్. చూసేవాళ్లకు ఇద్దరూ ఏమీ చేయడం లేదనిపించేది ఈ దశలోనే. నిజానికి బౌట్ ఎటు మొగ్గుతుందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

తప్పులూ ఇక్కడే పడతాయి. మోచెయ్యి పక్కటెముకల నుంచి విడివడితే ప్రత్యర్థి ఆ చేతిని పైనుంచి బిగించి ఆర్మ్ త్రో (చేతిని పట్టి విసిరే పట్టు) వేస్తాడు. అండర్‌హుక్ దొరికింది కదా అని తుంటి వెనకే ఉంచి చేతి బలంతో ఎత్తబోతే ముంజేతులు నిమిషంన్నరలో బిగుసుకుపోతాయి, ఆ తర్వాత పట్టు నిలవదు. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉంటే వెనక్కి విసరడానికి అనువుగా దొరికిపోతాం. నెట్టేటప్పుడు తల పక్కకు జారితే మన బలమంతా ప్రత్యర్థి విసురుకే సాయపడుతుంది. నెట్టే శైలికి ఉన్న అసలు ప్రమాదం అదే. ముందుకు వచ్చేవాడి బరువును వాడుకుని సూప్లే (నడుము వెనక్కి వంచి తల మీదుగా విసరడం) వేయడం ఐరోపా మల్లులకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే నెట్టుడులో తల, తుంటి, పాదం మూడూ ఒకే క్షణంలో కదలాలి. ఇందులో ఏ ఒక్కటి వెనకబడినా ఒత్తిడి మన మీదికే తిరుగుతుంది.

కోచ్‌గా ఫ్రేజర్ పట్టుకున్నది కూడా దీన్నే. గొప్ప మల్లుడి ప్రత్యేకమైన పట్టు సాధారణంగా అతనితోనే పోతుంది. అతని చేతుల పొడవు, నడుము వంపు, తుంటి ఎత్తు కలిసి ఆ పట్టును తయారుచేస్తాయి. చాలామంది విజేతలు కోచ్‌లుగా తడబడేది ఇక్కడే. తమకు అచ్చొచ్చిన విసురును ఇరవై మందికి నేర్పుతారు, అది ముగ్గురికి కుదురుతుంది. పోరులో నిలిచే తీరు, అలసటను ఓర్చుకునే శక్తి అలా కాదు, ఎవరికైనా నేర్పవచ్చు. ఆలస్యంగా గ్రీకోకి వచ్చిన కాలేజీ కుర్రాళ్లకు ఆయన ముందుగా నేర్పింది ఇవే. ఆగకుండా సాగే పొడుగాటి సాధన బౌట్లు, అలిసిన మల్లుడి మీదికి మళ్లీ మళ్లీ తాజా ప్రత్యర్థిని పంపడం, పోటీకన్నా సాధనే కష్టంగా ఉండేలా చూడటం. ప్రత్యర్థి మనసు విరిగే దాకా ఒత్తిడి తగ్గించకూడదన్నది ఆయన బోధ.

ఈ తరహా సాధనలో కోచ్ కనిపెట్టి చూడాల్సింది ఒకటుంది. అలసట ముదిరితే భంగిమ చెడుతుంది. చెడిన భంగిమలో చేసిన సాధన ఆ చెడు భంగిమనే అలవాటు చేస్తుంది. మోచేతులు విడిపోతున్నాయని, తల కిందికి వాలుతోందని కనిపించిన చోట బౌట్ ఆపి, అదే స్థితి నుంచి సరిగ్గా మొదలుపెట్టించాలి. ఇది పట్టించుకోకుండా చెమట మాత్రం కార్పిస్తే మల్లుడికి మిగిలేవి మెడ నొప్పీ, పక్కటెముకల గాయాలూను.

ఫలితం తొందరగానే కనిపించింది. 1995 ప్రేగ్ ప్రపంచ పోటీల్లో డెన్నిస్ హాల్ విజేత. 1996 అట్లాంటాలో బ్రాండన్ పాల్సన్, డెన్నిస్ హాల్, మ్యాట్ గఫారీ ముగ్గురికీ రజతాలు. 130 కిలోల ఫైనల్లో గఫారీని ఓడించింది కెరెలిన్.

కెరెలిన్ పేరు చెప్పగానే కుస్తీ తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది అతని రివర్స్ లిఫ్ట్. బోర్లా పడుకున్న 130 కిలోల మనిషిని నడుము దగ్గర తలకిందుల పట్టుతో గాల్లోకి లేపి విసిరేవాడు. అంత బరువులో ఆ పని అతనికి తప్ప దాదాపు ఎవరికీ చేతకాలేదు. 1988, 1992, 1996 ఒలింపిక్ స్వర్ణాలు, తొమ్మిది ప్రపంచ టైటిళ్లు, అంతర్జాతీయ పోటీల్లో పదమూడేళ్లుగా ఓటమి లేదు. 2000 సిడ్నీ ఫైనల్లో అతని ముందు నిలిచింది రూలన్ గార్డ్‌నర్. వయోమింగ్‌లో పాడి పశువుల మధ్య పెరిగి, నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఫోక్‌స్టైల్ ఆడి వచ్చినవాడు. 1997లో కెరెలిన్ చేతిలో 5-0తో ఓడి, ఆ ఎత్తివేతల రుచి అప్పటికే చూశాడు.

గార్డ్‌నర్ 1-0తో గెలిచాడు. ఆ ఒక్క పాయింటు ఏ విసురుకూ రాలేదు. అప్పటికి కొత్తగా వచ్చిన రూల్ ప్రకారం, మొదటి మూడు నిమిషాల్లో ఎవరికీ పాయింటు రాకపోతే రెండో భాగం క్లించ్‌తో మొదలవ్వాలి. ఇద్దరూ రొమ్ములు ఆనించి, ఒక చెయ్యి పైనుంచి, ఒక చెయ్యి కింద నుంచి పోనిచ్చి ప్రత్యర్థి వీపు వెనక చేతులు బిగించాలి. పాయింటు సాధించకుండా ముందు పట్టు విడిచినవాడు ఒక పాయింటు పోగొట్టుకుంటాడు. పెనుగులాటలో కెరెలిన్ చేతులు విడివడ్డాయి. వీడియో చూశాక న్యాయనిర్ణేతలు పాయింటు గార్డ్‌నర్‌కు ఇచ్చారు.

ఇంకో రూల్ కూడా అప్పుడుండేది. ఆరు నిమిషాల్లో ఎవరికీ మూడు పాయింట్లు రాకపోతే మరో మూడు నిమిషాలు ఆడాలి. అంటే ఆ ఫైనల్ తొమ్మిది నిమిషాలు సాగింది. ముప్పై మూడేళ్ల కెరెలిన్‌కు ఎదురుగా, వెనక్కి తగ్గకుండా నెట్టడమే సాధనగా బతికిన 130 కిలోల మనిషి. చివరి క్షణాల్లో కెరెలిన్ ఇక చాలన్నట్టు ఆగిపోయాడు. దీన్ని అద్భుతం అని రాసేవాళ్లు చాలామంది. అంతకన్నా సరైన మాట: ఒత్తిడి శైలికి ఇంతగా కలిసొచ్చిన రూల్స్ అంతకుముందు లేవు, ఆ తర్వాతా రాలేదు. పట్టు విడవకుండా నిలవడానికి నేరుగా పాయింటు, తక్కువ స్కోరుకు అదనపు సమయం, ఎదురుగా అలిసిపోయే ప్రత్యర్థి. ఈ మూడింటికీ సిద్ధమైన మల్లుడు ఫ్రేజర్ శిబిరంలో ఉన్నాడు.

అదే సిడ్నీలో 76 కిలోల్లో మ్యాట్ లిండ్లండ్ రజతం, 97 కిలోల్లో గ్యారెట్ లౌనీ కాంస్యం గెలిచారు. లిండ్లండ్ అక్కడికి వెళ్లింది కోర్టుల మీదుగా. అమెరికా సెలక్షన్ ఫైనల్లో కీత్ సియరాకీ చేతిలో ఓడిన లిండ్లండ్, నిర్ణాయక ఘట్టంలో ప్రత్యర్థి కాలు అడ్డం పెట్టాడని ఫిర్యాదు చేశాడు. అమెరికా కుస్తీ సమాఖ్య కొట్టిపారేసింది. మధ్యవర్తి బౌట్ మళ్లీ ఆడించమన్నాడు. ఈసారి లిండ్లండ్ 8-0తో గెలిచాడు. అయినా సమాఖ్య సియరాకీనే పంపాలని చూస్తే విషయం ఫెడరల్ అప్పీలు కోర్టు దాకా వెళ్లింది, చివరికి జట్టులో చోటు లిండ్లండ్‌కే దక్కింది. కాలు తగిలిందా లేదా అన్న ఒక్క అంశం మీద ఒక ఒలింపిక్ పతకం ఊగిసలాడింది. గ్రీకోలో ఇది చిల్లర విషయం కాదు. రొమ్ము పట్టులో వెనక్కి విసిరేటప్పుడు కాలు సహజంగానే ముందుకు వస్తుంది. అడుగు వేశాడా, అడ్డం పెట్టాడా అన్నది రెఫరీ కన్ను ఎటువైపు ఉందో దాన్ని బట్టి మారిపోతుంది.

ఆ తర్వాత కొన్నేళ్లు జోరు సాగింది. 2001లో గార్డ్‌నర్, 2002లో డ్రెమియల్ బయర్స్, 2006లో జో వారెన్ ప్రపంచ విజేతలయ్యారు. 2004 ఏథెన్స్‌లో గార్డ్‌నర్‌కు కాంస్యం. అక్కడ అతను బూట్లు విప్పి మ్యాట్ మధ్యలో వదిలి ఆటకు సెలవు చెప్పాడు.

2005లో రూల్స్ తలకిందులయ్యాయి. ఆరు నిమిషాల బౌట్ పోయి రెండేసి నిమిషాల మూడు రౌండ్లు వచ్చాయి. ప్రతి రౌండూ విడిగా లెక్క, రెండు గెలిచినవాడు విజేత. గ్రీకోలో ఆ రెండు నిమిషాల్లోనూ మొదటి నిమిషమే నిలబడి పోరు. ఆ తర్వాత చెరో ముప్పై సెకన్లు ఒకరు కింద, ఒకరు పైన. పైనున్నవాడు ఎత్తలేకపోతే పాయింటు కిందివాడికి. దీంతో అలసట లెక్క మారిపోయింది. ఐదు నిమిషాల నెట్టుడుతో ప్రత్యర్థిని కూల్చే మల్లుడికి ఇప్పుడు ఒక్కో రౌండుకు దక్కేది ఒక్క నిమిషం. మొదటి రౌండులో చేసిన ఖర్చుకు స్కోరు బోర్డు మీద విలువ లేదు. ఎత్తడం, ఎత్తనివ్వకపోవడం వచ్చినవాళ్లకే రాజ్యం.

అయినా 2007 బాకు ప్రపంచ పోటీల్లో అమెరికా గ్రీకో జట్టు టైటిల్ గెలిచింది. చరిత్రలో మొదటిసారి. వింతేమిటంటే జట్టులో ఒక్కరికీ స్వర్ణం లేదు. బ్రాడ్ వేరింగ్‌కు రజతం, హ్యారీ లెస్టర్‌కు, బయర్స్‌కు కాంస్యాలు. జట్టు లెక్కలో మొదటి స్థానానికే కాక కింది స్థానాలకూ పాయింట్లు ఉంటాయి కాబట్టి, ఒకరిద్దరు మెరవడం కన్నా చాలామంది నిలకడగా ముందు వరసలో నిలవడం లాభించింది. కోచ్‌గా ఫ్రేజర్ చేసిన అతి పెద్ద పని ఇదేనని చెప్పడానికి సందేహించక్కర్లేదు. సిడ్నీలో ఒక మనిషి, ఒక రాత్రి. బాకులో ఏడు బరువుల జట్టంతా. కొలరాడో స్ప్రింగ్స్ శిబిరం, మార్కెట్ (Marquette) అనే ఊళ్లో నార్తర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయపు గ్రీకో శిక్షణ, సైన్యంలో క్రీడాకారుల కోసం నడిచే ప్రత్యేక విభాగం. కాలేజీ దాటాక గ్రీకో మీదే బతకగలిగే చోట్లు అమెరికాలో ఇవే కొద్దిపాటి. జట్టు బలం అక్కడి నుంచే వచ్చింది.

2008 బీజింగ్‌లో 96 కిలోల్లో ఆడమ్ వీలర్ కాంస్యం తెచ్చాడు. ఒలింపిక్ గ్రీకోలో అమెరికాకు అదే ఇప్పటికి చివరి పతకం. 2012 లండన్ నుంచి 2024 పారిస్ దాకా నాలుగు ఒలింపిక్స్ ఖాళీగా గడిచాయి.

2013లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కుస్తీని ప్రధాన క్రీడల జాబితా నుంచి తీసేయాలని సిఫార్సు చేయడంతో అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య రూల్స్‌ను మళ్లీ మార్చింది. ఇప్పుడు మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో ముప్పై సెకన్ల విరామం, పాయింట్లు మొత్తంగా లెక్క. టేక్‌డౌన్‌కు (ప్రత్యర్థిని కింద పడేసి అదుపులోకి తేవడం) 2, మ్యాట్ బయటికి నెడితే 1, గాల్లోకి లేపి విసిరితే 4 లేదా 5. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే బౌట్ ముగిసినట్టే. పైకి చూస్తే ఫ్రేజర్ శైలికి పూర్వ వైభవం వచ్చినట్టుంది: నెట్టుడుకు నేరుగా పాయింటు, వెనక్కి తగ్గేవాడికి పాసివిటీ (పోరాడకుండా తప్పించుకోవడం) శిక్ష. కానీ పాసివిటీతో వచ్చే ఒక పాయింటు కన్నా దానితో దొరికే పార్ టెర్ (ప్రత్యర్థిని మ్యాట్ మీద బోర్లా ఉంచి పైనుంచి ఆడే) అవకాశం ఎక్కువ ప్రమాదం. కింద పడుకున్నవాడి కింది పక్కటెముకల దగ్గర చేతులు బిగించి, తుంటిని పక్కకు తెచ్చి, వంతెనలా వెనక్కి వంగి తిప్పితే గట్ రెంచ్. ఒక్కో మలుపుకు 2 పాయింట్లు. ఒక పాసివిటీ, ఆపకుండా నాలుగు మలుపులు కలిస్తే తొమ్మిది పాయింట్లు. నిమిషం లోపే బౌట్ అయిపోతుంది. నిలబడి నాలుగు నిమిషాలు బాగా నెట్టిన అమెరికన్ మల్లులు ఇలా పార్ టెర్‌లో ఓడిన సందర్భాలు తక్కువ కాదు. కింద రక్షణ అంటే పొట్టను మ్యాట్‌కు అతికించి, పట్టు బిగియకముందే తుంటిని దూరం జరపడం. పట్టు బిగిశాక చేసేది దాదాపు ఏమీ ఉండదు. ఈ అర సెకను ముందుచూపు చిన్ననాటి సాధనతో వస్తుంది, ఊపిరి బలంతో రాదు.

మ్యాట్ మూలలో కూర్చునే కోచ్‌కు ఇప్పుడు ఇంకో భారం కూడా ఉంది. నిర్ణయం తప్పనిపిస్తే ఐదు సెకన్ల లోపు ఛాలెంజ్ వేయాలి. వీడియోలో ఓడితే ప్రత్యర్థికి ఒక పాయింటు, ఆ బౌట్‌లో మళ్లీ ఛాలెంజ్ లేదు. సమాన స్కోరులో పెద్ద విలువ గల పట్టు, తక్కువ హెచ్చరికలు, ఆఖరి పాయింటు అన్న వరసలో విజేతను తేలుస్తారు. కాబట్టి 1-1 దగ్గర, హెచ్చరికలూ సమానంగా ఉంటే, కోచ్ చూడాల్సింది ఆఖరి పాయింటు ఎవరిదన్నదే.

2014లో ఫ్రేజర్ తర్వాత జాతీయ కోచ్ అయింది మ్యాట్ లిండ్లండ్. అతని చేతికొచ్చిన సమస్యా పాతదే: స్కూలు, కాలేజీ వ్యవస్థ ఫోక్‌స్టైల్‌ను వదలదు, స్కాలర్‌షిప్పులు దాదాపు అన్నీ అందులోనే. మంచి మల్లుడు గ్రీకోకి వచ్చేసరికి ఇరవై రెండు దాటుతుంది. నిలబడి పోరాడటం అతనికి రెండు మూడేళ్లలో నేర్పవచ్చని ఫ్రేజర్ రుజువు చేశారు. పార్ టెర్‌లో ఎత్తడం, తిప్పడం మాత్రం పన్నెండు పదమూడేళ్ల వయసులో మొదలుపెట్టించాలి. ఆ వయసు పిల్లలకు గ్రీకో నేర్పే క్లబ్బులు అమెరికాలో ఇప్పటికీ చాలా తక్కువ.